నెమలికన్ను ఒక్కటే, పేర్లు పదహారు: పీకాక్ బాస్‌లను గుర్తుపట్టడంలోని చిక్కు

మూడేళ్ల కిందట విజయనగరం గంటస్తంభానికి కాస్త అవతల, ఒక సందులో ఉన్న రంగు చేపల దుకాణంలో రెండు పీకాక్ బాస్ పిల్లల్ని కొన్నాను. ఒక్కొక్కటీ రెండంగుళాలు ఉంటుంది. తొట్టి అద్దానికి అంటించిన చీటీ మీద నీలం స్కెచ్ పెన్నుతో ‘టెమెన్సిస్’ అని రాసి ఉంది. ఆ పేరు గల చేప తన వాళ్లందరిలోకీ పెద్దదనీ, అమెజాన్ నదుల్లో గాలానికి పడినవాటిలో 13 కిలోలు దాటినది కూడా ఉందనీ అప్పటికే చదివి ఉండడం వల్ల, పక్క తొట్టిలో ‘మోనో’ (మోనోక్యులస్ అనే ఇంకో జాతికి పొట్టిపేరు) అనే చీటీ కింద తిరుగుతున్న పిల్లలకంటే ఇంచుమించు రెట్టింపు ధర ఇచ్చి, ఆక్సిజన్ సంచిలో కట్టించుకుని ఇంటికి తెచ్చాను. వాటిలో ఒకటి నెల తిరగకుండానే పోయింది. రెండోది ఏడాది గడిచేసరికి అడుగు పొడవు దాటింది. కంటి వెనక, మొప్పమూత మీద రావలసిన నల్లని మచ్చలు మాత్రం రాలేదు. దానికి బదులు పొట్ట కింది రెక్కల మీద, తోక కింది సగం మీద, నూకలు చల్లినట్టు లేత పసుపు చుక్కలు తేలాయి. టెమెన్సిస్‌కు ఉండవలసిన గుర్తు లేదు, ఉండకూడని గుర్తు ఉంది. సంగతి చెప్పినప్పుడు దుకాణదారు ఏమీ నొచ్చుకోకుండా, “పేరేదైతే ఏటి మాస్టారూ, సేప బాగా తింతన్నాదా లేదా? అది సాల్దేటి?” అన్నాడు.

ఆ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయడానికి వీల్లేదు. పేరు తప్పయినంత మాత్రాన చేప మేత మానెయ్యదు. అయితే ఎంత తొట్టి కట్టించాలో, దేనితో జత చేయవచ్చో, పుట్టిన పిల్లల్ని ఏ పేరు చెప్పి ఇంకొకరికి ఇవ్వాలో తేల్చేది ఆ చీటీయే. ఒకటిన్నర అడుగు దగ్గర నిలిచిపోయే చేపకూ, మూడడుగుల దాకా సాగగలిగే చేపకూ ఒకే గాజుతొట్టి సరిపోదు. పైగా ఒకసారి తప్పు పేరుతో అమ్ముడుపోయిన చేప, ఆ తప్పును తన సంతానానికి కూడా అంటగడుతుంది. అందుకని ఈ చేపల పేర్లు ఇంతగా ఎందుకు చిక్కుపడ్డాయో, ఆ చిక్కులో మనబోటి పెంపకందారులు ఎంతవరకు విప్పుకోగలరో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా చేప సంగతి. పేరులో బాస్ అని ఉన్నా, ఉత్తర అమెరికా సరస్సుల బాస్ చేపలతో దీనికి దగ్గర చుట్టరికం లేదు. ఇది సిక్లిడ్ కుటుంబానికి చెందినది; మన చెరువుల్లో పాతుకుపోయిన తిలాపియా, మలయాళీలు ఇష్టంగా తినే కరిమీను కూడా ఆ కుటుంబానివే. ఆ కుటుంబానికి ఆ పేరు వచ్చింది ఈ చేపల ప్రజాతి, అంటే దగ్గరి జాతులన్నిటినీ కలిపిన గుంపు, అయిన ‘సిక్లా’ నుంచే. వీటి పుట్టిల్లు దక్షిణ అమెరికా: అమెజాన్, ఒరినోకో నదుల పరీవాహకాలు, గయానా ప్రాంతపు నదులు. బ్రెజిల్‌లో వీటిని టుకునారే అంటారు, గయానాలో లుకునానీ అంటారు. వెనెజ్వేలాలో పావోన్ అనే పేరుంది, అది నెమలికి సంబంధించిన స్పానిష్ మాటే. ఈ నెమలి పోలిక అంతా తోక మొదట్లో ఉన్న మచ్చ వల్ల వచ్చింది. నల్లని గుండ్రటి మచ్చ, దాని చుట్టూ పసుపో బంగారు రంగో వలయం, చూడగానే నెమలికన్ను అనిపిస్తుంది.

గుర్తింపులో మొదటి చిక్కు ఈ నెమలికన్ను దగ్గరే మొదలవుతుంది. పెరిగిన ప్రతి సిక్లాకూ ఆ కన్ను ఉంటుంది కాబట్టి, జాతులను వేరుచేయడానికి అది ఎంతమాత్రమూ అక్కరకు రాదు. అయినా శాస్త్రవేత్తలు రెండు జాతులకు ఆ కంటి పేరే పెట్టారు. ‘ఒసెల్లారిస్’ అంటే చిన్నకన్ను కలిగినది, ‘మోనోక్యులస్’ అంటే ఒంటికన్నుది. అందరికీ ఉన్న ముక్కును చూసి ఒక్కరికే ముక్కాయన అని పేరు పెట్టినట్టయింది. పేరుకు అర్థం తెలుసుకుని, ఆ అర్థాన్ని బట్టి చేపను పోల్చుకుందామని చూసే కొత్తవారు ఇక్కడే దారి తప్పుతారు.

ఇలాంటి గందరగోళం తెలుగువారికి కొత్తదేమీ కాదు. ఒకచోట శీలావతి అన్న చేపనే ఇంకోచోట రాగండి అంటారు, రెండూ రోహూయే. కొర్రమీనుకూ మట్టగిడసకూ తేడా చేపల బజారులో కూర్చున్న ఏ అప్పనడిగినా చెబుతుంది, కానీ పిల్లలప్పుడు కొర్రమీను ఎర్రగా ఉంటుందనీ, పెరిగాక ఆ ఎరుపు ఆనవాలు కూడా మిగలదనీ గుంపులుగా ఈదే పిల్లల్ని చూసినవారికే తెలుస్తుంది. ఒకే చేపకు పలు పేర్లు ఉండడం, పలు చేపలకు ఒకే పేరు ఉండడం, ఒకే చేప వయసును బట్టి వేషం మార్చడం అనే మూడు చిక్కులూ సిక్లాలో ఒకేచోట కలిసి ఉన్నాయి.

పేర్ల చరిత్రను కొంచెం ఓపికగా చూడాలి, ఎందుకంటే దుకాణాల్లోని తప్పుల్లో సగం పాత పుస్తకాల నుంచి వచ్చినవే. బ్లాక్, ష్నైడర్ అనే జర్మన్ శాస్త్రవేత్తల గ్రంథంలో 1801లో సిక్లా ప్రజాతీ, సిక్లా ఒసెల్లారిస్ జాతీ నమోదయ్యాయి. దక్షిణ అమెరికా అంతా తిరిగిన హంబోల్ట్ 1821లో రెండింటిని చేర్చాడు. టెమీ నది పేరున టెమెన్సిస్, ఒరినోకో నది పేరున ఒరినోసెన్సిస్. 1831లో అగాసిజ్ మోనోక్యులస్‌నూ, 1843లో జార్డిన్, షాంబర్గ్‌లు నైగ్రోమాక్యులాటానూ, ఆ తరవాత చాలా కాలానికి 1971లో మచాదో అలిసన్ ఇంటర్మీడియానూ వర్ణించారు. పేర్లు ఇన్ని ఉన్నా, వాడుకలో మాత్రం పట్టీలున్న ప్రతి చేపనూ ఒసెల్లారిస్ అనేసి ఊరుకునేవారు. చీటీ రాసే దుకాణదారే కాదు, పరిశోధకులు కూడా అలాగే రాశారు. పనామాలోని గాటూన్ సరస్సులో 1960ల చివర ఈ చేప చేరి, స్థానిక చేపలను తుడిచిపెట్టిన తీరును జారెట్, పెయిన్ అనే ఇద్దరు 1973లో ప్రకటించారు. జీవావరణ శాస్త్రంలో అది ఎంతో పేరుపొందిన అధ్యయనం. అందులో చేప పేరు ఒసెల్లారిస్. ఆ సరస్సులోని చేపను తరవాతి పరిశోధకులు మోనోక్యులస్‌గా గుర్తించారు. సరస్సుకు జరిగిన నష్టం అప్పుడూ ఇప్పుడూ ఒకటే, చేప పేరు మారింది.

పెద్ద మార్పు 2006లో వచ్చింది. స్టాక్‌హోమ్‌లోని స్వీడిష్ ప్రకృతి చరిత్ర మ్యూజియానికి చెందిన స్వెన్ కుల్లాండర్, బ్రెజిల్‌లోని మనాస్ నగరంలో పనిచేసే ఎఫ్రెం ఫెరీరా ఈ ప్రజాతినంతటినీ కొత్తగా పరిశీలించి, ఉన్న ఆరింటికి తొమ్మిది కొత్త జాతులు చేర్చి లెక్కను పదిహేనుకు తెచ్చారు. కెల్బెరి, పికీటి, ప్లయోజోనా, మిరియానే, మెలానియే, పినీమా, వాజోలెరి, జరీనా, థైరోరస్ అన్నవి ఆ తొమ్మిది. ఈ పేర్లలో కొన్ని చేపను చక్కగా పట్టిస్తాయి. ప్లయోజోనా అంటే ఎక్కువ పట్టీలది. దానికి మామూలుగా ఉండే మూడు పట్టీలతోపాటు తోక కాడ మీద నాలుగోది ఉంటుంది. థైరోరస్ అంటే గ్రీకులో ద్వారపాలకుడు. అది ట్రోంబెటాస్ నదిలో పోర్తెయిరా అనే జలపాతం ఎగువన ఉంటుంది కాబట్టి, గుమ్మం కాచే మనిషి పేరు పెట్టారు. నాకు ఈ తొమ్మిది పేర్లలో అన్నిటికన్నా నచ్చినది ఇదే, ఎందుకంటే ఇందులో చేప ఉనికి ఉన్న చోటు కూడా ఇమిడి ఉంది. ఆ తరవాత 2020లో గయానాలోని ఎసెక్విబో పరీవాహకం నుంచి, ఉరవడిగా పారే నీళ్లలో బతికే కటరాక్టే అనే జాతిని వర్ణించడంతో లెక్క పదహారు అయింది.

ఈ పదహారు దగ్గర ఆగితే కథ సులువుగానే ఉండేది. ఈలోగా 2012లో విల్లిస్, ఆయన సహచరులు జన్యు ఆధారాలతో ఇదే ప్రజాతిని పరిశీలించి, నిజంగా విడివిడి వంశాలుగా నిలబడేవి ఎనిమిదేనని తేల్చారు. వారి లెక్కలో మోనోక్యులస్, నైగ్రోమాక్యులాటా, ప్లయోజోనా, కెల్బెరి అన్నీ ఒసెల్లారిస్ అనే ఒకే విశాలమైన జాతిలో కలిసిపోతాయి. వాజోలెరి, జరీనా, థైరోరస్ అనేవి పినీమాలోకి వెళ్తాయి. టెమెన్సిస్, ఒరినోసెన్సిస్, ఇంటర్మీడియా, పికీటి, మిరియానే, మెలానియే మాత్రం విడిగా నిలుస్తాయి. దీన్ని చూసి, ఒకరిది ఒప్పు, మరొకరిది తప్పు అనుకోవడం తొందరపాటు. మొదటి వారు చేప ఒంటి మీద ఎప్పుడూ కనిపించే తేడాలను కొలిచి హద్దులు గీశారు. రెండోవారు తరతరాలుగా రక్తం కలిసిందా లేదా అని చూసి హద్దులు గీశారు. ఒకే ఇంటిపేరున్న వాళ్లను ఊళ్లను బట్టి లెక్కపెట్టడానికీ, గోత్రాన్ని బట్టి లెక్కపెట్టడానికీ మధ్య ఎంత తేడా ఉంటుందో ఇక్కడా అంతే ఉంది. పెంపకందారుకు ఇందువల్ల తెలియవలసినదేమిటంటే, టెమెన్సిస్‌కూ మోనోక్యులస్‌కూ మధ్య గోడ ఎవరి లెక్కలోనైనా గట్టిదే. మోనోక్యులస్‌కూ కెల్బెరికీ మధ్య ఉన్నది మాత్రం ఒక పరిశోధకుడు చూసే గోడ, ఇంకొక పరిశోధకుడికి తెర.

ఇక గుర్తుల సంగతి. పెద్ద చేపను ఎదురుగా పెట్టుకుంటే నేను మొదట చూసేది చెంప. కంటి వెనక, మొప్పమూత మీద నల్లని మచ్చలు తునకలు తునకలుగా ఉంటే అది టెమెన్సిస్ గానీ, పినీమా వంటి దాని దగ్గర చుట్టాలలో ఒకటి గానీ అయి ఉండాలి. ఒసెల్లారిస్, మోనోక్యులస్, కెల్బెరి, ఒరినోసెన్సిస్‌ల చెంప శుభ్రంగా ఉంటుంది. తరవాత చూడవలసినవి ఒంటి మీది గుర్తులు. ఒరినోసెన్సిస్‌కు పక్కల మీద పట్టీలకు బదులు మూడు గుండ్రటి మచ్చలు, ఒక్కోదాని చుట్టూ లేత వలయం ఉంటాయి కాబట్టి, తోక మీది కన్ను కూడా కలుపుకుంటే చేపకు నాలుగు నెమలికన్నులు ఉన్నట్టు కనిపిస్తుంది. పోల్చుకోవడానికి ఇది అన్నిటికన్నా సులువైనది. పికీటికి అయిదు నిలువు పట్టీలు, నీలి ఛాయ గల రెక్కలు ఉంటాయి, దుకాణాల్లో ‘అజూల్’ అంటే అదే. మోనోక్యులస్ పట్టీలు పొట్టివి, పైన వెడల్పై కిందికి వచ్చేసరికి సన్నగిల్లుతాయి. ముందు రెక్క వెనక పొట్ట పక్కన అడ్డదిడ్డంగా ఒక నల్లని చార ఉంటుంది. కెల్బెరిని పట్టించేవి నేను మొదట్లో చెప్పిన పసుపు చుక్కలు: పొట్ట రెక్కల మీద, ఆసనం వెనకనున్న రెక్క మీద, తోక కింది సగం మీద. ఇంటర్మీడియాకు ఒంటి పొడవునా సాగే నల్లని గీత, దాని మీద వరసగా మచ్చలు ఉంటాయి. ఒసెల్లారిస్‌కూ నైగ్రోమాక్యులాటాకూ మధ్య, పట్టుకొచ్చిన నది తెలియకుండా కేవలం ఫొటో చూసి తీర్పు చెప్పేవారిని నేను నమ్మను.

పొలుసుల లెక్క ఇంకో మంచి సాక్ష్యం. ఒంటి పక్కన ఒక వరస వెంట లెక్కపెడితే టెమెన్సిస్‌కు పొలుసులు చిన్నవి కాబట్టి సంఖ్య నూరుకు అటూ ఇటూ, చాలాసార్లు దాన్ని మించి ఉంటుంది. మోనోక్యులస్ వంటివాటికి పొలుసులు పెద్దవి, లెక్క బాగా తక్కువ. రంగు చేప మనసును బట్టి మారుతుంది, పొలుసుల సంఖ్య మారదు. చేపను బయటికి తీయకుండానే, పక్క నుంచి వెలుతురు పడేలా మంచి ఫొటో తీసి, పెద్దది చేసుకుని, అగ్గిపుల్ల మొనతో ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. నేను నా చేపకు మూడుసార్లు లెక్కపెట్టాను. మూడుసార్లూ సంఖ్య కాస్త అటూ ఇటూ అయినా, నూరు దరిదాపులకు ఒక్కసారి కూడా పోలేదు.

రంగు చేప మనసును బట్టి మారుతుందని అన్నాను. దానికి టెమెన్సిస్‌ను మించిన ఉదాహరణ లేదు. ఈ జాతిలో కొన్ని చేపలు ముదురు ఒంటి మీద వరసలు వరసలుగా తెల్లని చుక్కలతో కనిపిస్తాయి. మరికొన్నింటికి పసుపు, ఆకుపచ్చ కలిసిన ఒంటి మీద మూడు దట్టమైన నల్ల పట్టీలు ఉంటాయి. చుక్కలదాన్ని బ్రెజిల్ జాలరులు ‘పాకా’ అంటారు. ఒంటి నిండా తెల్లని చుక్కలుండే ఒక అడవి జంతువు పేరది. రెండూ వేర్వేరు జాతులని చాలాకాలం నమ్మినవారున్నారు. తీరా పరిశోధకులు కోసి చూసి, జన్యువులు కూడా పోల్చి 2012లో తేల్చినదేమిటంటే, చుక్కల చేప గుడ్ల కాలం కానప్పటిది, పట్టీల చేప గుడ్లకు సిద్ధమైనది. చేప ఒకటే, రుతువు వేరు. ఇంట్లో తొట్టిలో కూడా ఇలాంటి చిత్రాలు రోజూ జరుగుతాయి. రాత్రి దీపం ఆర్పి గంట తరవాత టార్చి వేస్తే పట్టీలు వెలిసిపోయి, పగటి చేపేనా ఇది అనిపిస్తుంది. బెదిరినప్పుడు, తొట్టి మార్చినప్పుడు, తనకంటే పెద్దది పక్కన ఉన్నప్పుడు కూడా అంతే. దుకాణం నుంచి తెచ్చిన రోజున తీసిన ఫొటో ఆధారంగా ఎవరైనా పేరు చెబితే దాన్ని సగమే నమ్మాలి. మగచేపలకు గుడ్ల కాలంలో నుదుటి మీద మూపురంలా బుడిపె లేస్తుంది. అది మగదనానికి గుర్తే తప్ప జాతికి కాదు.

అసలు ఇబ్బంది ఏమిటంటే, పైన రాసిన గుర్తుల్లో చాలావరకు పెద్ద చేపలకు మాత్రమే వర్తిస్తాయి. మనం కొనేది వేలెడు పిల్లను. ఆ వయసులో చెంప మచ్చలు ఉండవు, పసుపు చుక్కలు ఉండవు, పట్టీల ఆకారం తేలదు. అయినా పిల్లల్లో చూడగలిగినది ఒకటి ఉంది, తెలియక చాలామంది దాన్ని పట్టించుకోరు. ఒసెల్లారిస్, మోనోక్యులస్, కెల్బెరి, ఒరినోసెన్సిస్‌ల పిల్లలకు పక్కన మూడు విడి మచ్చలు, మూడో మచ్చ నుంచి తోక దాకా ఒక గీత కనిపిస్తాయి. టెమెన్సిస్, పికీటి, పినీమా తదితరుల పిల్లలకు తల దగ్గర నుంచి తోక దాకా తెగకుండా సాగే నల్లని చార ఉంటుంది. అంటే ఏ పిల్ల ఏ జాతిదో చెప్పలేకపోయినా, ఏ గుంపుదో చెప్పవచ్చు. ఈ సంగతి చదివిన రోజున ఫోన్ తీసి, నేను సంచితో ఇంటికి వస్తూ ఆటోలో తీసిన ఫొటోను వెతికి పట్టుకున్నాను. ప్లాస్టిక్ మీద నీటి చుక్కల మధ్య నుంచి కూడా మూడు మచ్చలు, వాటి మధ్య ఖాళీలు స్పష్టంగానే ఉన్నాయి. చీటీ అబద్ధమని చేప నాకు మొదటి రోజే చెప్పింది, నేనే వినలేదు.

ఈ గుర్తులన్నీ సరిగ్గా తెలిసినవారిని కూడా ఓడించేవి సంకరాలు. సిక్లా జాతులు ఒకదానితో ఒకటి జతకట్టగలవు, పుట్టిన పిల్లలు మళ్లీ సంతానాన్ని కనగలవు. అడవి నదుల్లోనే, ఒకే నీళ్లలో కలిసి బతికే జాతుల మధ్య ఇది అప్పుడప్పుడు జరుగుతుందని జన్యు పరిశీలనలు చూపాయి. దక్షిణ బ్రెజిల్‌లోని పరానా నదిలోకి బయటినుంచి తెచ్చి వదిలిన కెల్బెరి, పికీటి అక్కడ కలిసిపోయి సంకరాలను కన్నాయి. సింగపూర్, మలేసియాల్లోని నీళ్లలో కూడా వదిలేసిన పీకాక్ బాస్‌లు స్థిరపడ్డాయి. పెంపకపు చెరువులో రెండు మూడు జాతులు కలిసి ఉంటే ఏం జరుగుతుందో చెప్పనక్కర్లేదు. అలాంటి చేప చెంప మీద సగం మచ్చలు, ఒంటి మీద నాలుగున్నర పట్టీలు, రెక్క మీద ఒకటీ అరా చుక్కలు ఉంటే దానికి ఏ పేరు పెట్టినా పొరపాటే. జన్యు పరీక్ష చేయిస్తే తేలిపోతుంది కదా అని అనేవారు ఒక విషయం మరిచిపోతున్నారు. మామూలుగా చేసే పరీక్ష చూసేది మైటోకాండ్రియా జన్యువులను. అవి తల్లి నుంచి మాత్రమే వస్తాయి. తల్లి టెమెన్సిస్, తండ్రి మోనోక్యులస్ అయిన చేప ఆ పరీక్షలో నిష్కళంకమైన టెమెన్సిస్‌గా తేలుతుంది. తండ్రి సంగతి కూడా తెలియాలంటే కణకేంద్రంలోని జన్యువులను పలుచోట్ల చదవాలి, మనకు అది అందుబాటులో ఉండే పని కాదు.

ఇంత చెప్పాక మిగిలేది చోటు. సిక్లా జాతుల గుర్తింపులో సగం బరువు చేప మీద, సగం బరువు అది పుట్టిన నది మీద ఉంటుంది. మెలానియే అంటే దిగువ షింగూ నది, జరీనా అంటే జరీ నది, కెల్బెరి అంటే అరాగ్వాయా, టోకాంటిన్స్ నదులు. నది పేరు తెలిస్తే పదహారు పేర్లు రెండుకో మూడుకో తగ్గిపోతాయి. తెలియకపోతే పదహారూ మిగులుతాయి. మన ప్రాంతపు దుకాణాలకు చేప కోల్‌కతా నుంచో చెన్నై నుంచో వస్తుంది. ఒకచోట గాలిఫ్ స్ట్రీట్ ఆదివారపు సంత, మరొకచోట కొళత్తూరు, మధ్యలో హౌరా నుంచి చెన్నై పోయే రైలుమార్గం. థర్మోకోల్ పెట్టె విజయనగరంలోనో శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లోనో దిగేసరికి దాని మీద పార్శిల్ నంబరు ఉంటుంది, నది పేరు ఉండదు. ఈ ఆనవాలు చెరిగిపోయేది మన దుకాణంలో కాదు, అంతకు ఎన్నో చేతుల ముందే. అందుకే మా దుకాణదారు మీద నాకు కోపం రాలేదు. ఆయన రాసిన చీటీ ఆయనకు అందిన బిల్లుకు నకలు.

చోటు ఎంత విలువైనదో చెప్పడానికి దూరం పోనక్కర్లేదు. ప్యాట్రిక్ రస్సెల్ అనే ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల బొమ్మలు, వర్ణనలు 1803లో లండన్‌లో అచ్చయ్యాయి. ఆయన వాటికి లాటిన్ పేర్లకన్నా మన జాలరుల నోటి పేర్లనే ఎక్కువగా రాసుకున్నాడు, తనకు విన్నట్టుగా, వంకర టింకర ఇంగ్లీషు అక్షరాల్లో. అయినా ఏ తీరంలో దొరికిందో తెలుసు కాబట్టి తరవాతి శాస్త్రవేత్తలు ఆ బొమ్మలను పట్టుకుని చేపలను పోల్చుకోగలిగారు. పాముల విషయంలోనైతే ఆయన రాసుకున్న ‘బంగారు పాము’ అన్న తెలుగు మాటే కట్లపాముల ప్రజాతికి బంగారస్ అనే లాటిన్ పేరైంది. శాస్త్రీయ నామం లేకుండా ఊరు ఉన్న చేప రెండు వందల ఏళ్ల తరవాత కూడా పనికొస్తోంది. ఊరు లేకుండా శాస్త్రీయ నామం మాత్రమే ఉన్న చేప ఎంతవరకు పనికొస్తుందో నా తొట్టిలో చూస్తున్నాను.

మరి చీటీ మీద ఏం రాయాలి? దీనికి శాస్త్రవేత్తలే మర్యాదైన మార్గాలు పెట్టుకున్నారు. ప్రజాతి తెలిసి జాతి తెలియకపోతే ‘సిక్లా ఎస్పీ’ అని రాస్తారు. మనకు ఎస్పీ అంటే పోలీసు అధికారి గుర్తుకొస్తాడు గానీ, ఇక్కడ అది జాతి అనే అర్థమున్న లాటిన్ మాటకు పొట్టిరూపం. గుర్తులు ఒక జాతితో సరిపోతున్నాయి, కానీ ఖాయంగా చెప్పలేం అన్నప్పుడు మధ్యలో ‘సీఎఫ్’ అని చేరుస్తారు. ‘పోల్చి చూడండి’ అని దాని భావం. ఆ జాతికి దగ్గరగా ఉన్నా అది కాదేమో అనిపిస్తే ‘ఆఫ్’ అంటారు. సంకరమని తెలిస్తే రెండు పేర్ల మధ్య గుణకారపు గుర్తు పెడతారు. ఈ నాలుగింటిలో ఏదీ అజ్ఞానానికి గుర్తు కాదు. ఇన్నేళ్లూ కొన్నవారికి తెలియజేయకుండా ‘ప్యూర్ టెమెన్సిస్’ అని ధర పెంచడానికి రాసిన చీటీలతో పోలిస్తే, ‘సిక్లా ఎస్పీ, చెన్నై పార్శిల్, ఫలానా నెల’ అని రాసిన చీటీ ఎక్కువ సమాచారం ఇస్తుంది. పెంపకందారుగా నేను ఇప్పుడు చేసేది ఇంతే: కొన్న రోజునా, ఆ తరవాత మూడు నెలలకొకసారీ పక్కనుంచి ఒకటి, చెంపది ఒకటి, కింది రెక్కలది ఒకటి చొప్పున మూడు ఫొటోలు తీసి తేదీ వేసి ఉంచుకోవడం, చేపను ఎవరికైనా ఇచ్చేటప్పుడు ఆ ఫొటోలు కూడా ఇవ్వడం. పేరు మీద అనుమానం ఉన్న చేపను రెండో జాతితో ఒకే తొట్టిలో గుడ్లు పెట్టనివ్వను.

పేరు పక్కన పెట్టినా తప్పు చేయకూడని విషయం ఇంకొకటి ఉంది. ఈ చేప తొట్టిని మించి పెరిగిపోయినప్పుడు దాన్ని వదిలెయ్యడానికి చాలామందికి తోచేది దగ్గరున్న చెరువు, లేదంటే నాగావళి. 2004 ప్రాంతంలో పరానా పరీవాహకంలోని రొజానా జలాశయంలో కెల్బెరి చేరిన రెండేళ్లలోనే అక్కడి చిన్న చేపల సాంద్రత 95 శాతం, జాతుల సంఖ్య 80 శాతం పడిపోయాయని పరిశోధకులు నమోదు చేశారు. అది అడుగు, అడుగున్నర చేప చేసిన పని. అంత నష్టం చేయడానికి 13 కిలోల టెమెన్సిసే అయి ఉండనక్కర్లేదు. తాటిపూడి, ఆండ్ర జలాశయాల నీళ్లు దానికి పరాయివిగా ఏమీ అనిపించవు. వేడి నీళ్లు, చిన్న చేపలు, దాక్కోవడానికి మునిగిన మొద్దులు ఉంటే చాలు.

నా తొట్టి అద్దం మీద ఉన్న ‘టెమెన్సిస్’ చీటీని ఈ సంక్రాంతికి తీసేశాను. దాని స్థానంలో అట్టముక్క మీద ‘సిక్లా సీఎఫ్ కెల్బెరి, నది తెలియదు, విజయనగరంలో కొన్నది’ అని రాసి అంటించాను. దుకాణదారు ఒకరోజు ఇంటికి వచ్చినప్పుడు అది చదివి, “ఇదేటి మాస్టారూ, ఇంత పొడుగు పేరెడితే ఎవుడు కొంతాడు?” అన్నాడు. వచ్చే పార్శిల్‌లో పీకాక్ పిల్లలుంటే, సంచి విప్పకముందే పక్కల మీద మచ్చలున్నాయో చారే ఉందో చూసి తనకు చెప్పి వెళ్లమని మాత్రం పోతూ పోతూ అడిగాడు.